రాళ్లమిట్ట దగ్గర ఆగే జీపు

పొద్దుగూకాక రాళ్లమిట్ట మీద ఎవరూ బండి ఆపరు. ఆపడం, ఆపకపోవడం తమ చేతిలో ఉంటే కదా అనేవాళ్లు కూడా ఉన్నారు.

కాణిపాకం దాటి లోపలి ఊళ్లకు పోయే కంకర రోడ్డు మీద ఉంది ఆ మిట్ట. దాని నెత్తిన రెండు రాళ్లు నిలువుగా పాతి, వాటి మీద అడ్డంగా ఒక బండ వేసి ఉంటుంది. తల మీద మోపుతో నడిచేవాళ్లు ఎవరి సాయం లేకుండా బరువు దించుకోవడానికి అది. పూర్వం ఆ వైపు ఒక ఆనవాయితీ ఉండేది. కడుపుతో ఉన్న మనిషి కాన్పు కాకుండానే పోతే, ఆమె దించుకోలేకపోయిన బరువును తలుచుకుని దారి పక్కన ఇలాంటి రాళ్లు పాతించేవాళ్లు.

ఈ రాళ్లు ఎవరి పేరున పాతారో జనం ఎప్పుడో మరిచిపోయారు. ఆమెను మాత్రం మరవలేదు. నిండు చూలాలు ఎక్కిన బండి మిట్ట ఎక్కితే ఆమె వచ్చి చక్రం పట్టుకుంటుందట. 'నాది దిగలేదు... నీది ఎట్లా దిగుతుందో చూస్తా' అంటుందట.

దొరస్వామి ఈ మాటలకు నవ్వేవాడు. ఊరి నుంచి చిత్తూరుకు జీపు తోలి బతికేవాడు అతను. రోజుకు నాలుగుసార్లు ఆ రాళ్ల పక్కనుంచే పోవాలి. 'భయపడితే నా పొయ్యి మీదకు ఎసరు ఎవరు పెడతారు?' అనేవాడు.

అది డెబ్బై ఎనిమిది కార్తీకం. ఒక రాత్రి ఎనిమిది గంటలప్పుడు అతని భార్య పంకజాక్షికి నొప్పులు మొదలైనాయి. తొలి కాన్పు. మంత్రసాని కుప్పమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. ముఖం మారింది.

"బిడ్డ అడ్డం తిరిగుండాది. చిత్తూరు పెద్దాసుపత్రికి తీస్కపో నాయనా, బిరీన..."

వెనక సీట్లో పరుపు వేసి పడుకోబెట్టారు. కుప్పమ్మ పక్కన కూర్చుంది. దొరస్వామి తోలాడు. జీపు మిట్ట ఎక్కసాగింది. రాళ్లు లైటు వెలుతురులోకి వచ్చాయి. అప్పుడే ఇంజన్ ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది —

సరిగ్గా రాళ్ల పక్కన నిలిచిపోయింది.

అతను దిగి బానెట్ ఎత్తాడు. తీగలు కదిపి చూశాడు. హ్యాండిల్ వేసి తిప్పాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఇంజన్ ఉలకలేదు, పలకలేదు. రోడ్డు మీద ఇటూ అటూ ఒక్క దీపం లేదు.

వెనక నుంచి పంకజాక్షి గొంతు వినిపించింది. చాలా మెల్లగా.

"మామా... ఎవరో నా కాళ్లు పట్టుకున్నట్టుండాది."

కుప్పమ్మ వెంటనే రాళ్ల వైపు తిరిగి దండం పెట్టింది. దొరస్వామి నవ్వలేదు.

నలభై నిమిషాల తర్వాత, ఏమీ చెయ్యకుండానే, జీపు తనంతట తానే బాగైనట్టు ఒక్క తిప్పుకు పలికింది. ఆసుపత్రి మెట్ల దాకా మళ్లీ ఎక్కడా ఆగలేదు. లోపలికి తీసుకుపోయిన డాక్టరమ్మ గంట తర్వాత బయటికి వచ్చింది. 'అరగంట ముందు తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు' అంది.

దొరస్వామి ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు. అన్నం పెడితే తిన్నాడు. పెట్టకపోతే అడగలేదు. కర్మకాండలు అయ్యాక పదిహేడో రోజున జీపు బయటికి తీశాడు, ఇంట్లో కూర్చుని చేసేది లేదు గనుక.

ఆ సాయంత్రం... జీపు రాళ్ల పక్కన నిలిచిపోయింది.

మర్నాడు కూడా. ఆ తర్వాత కూడా. పొద్దున పూట చక్కగా మిట్ట దాటేది. చీకటి పడ్డాక చివరి ట్రిప్పులో మాత్రం ఆ రాళ్ల దగ్గరికి రాగానే దగ్గి ఆగిపోయేది. అరగంట ఊరుకుంటే మళ్లీ కదిలేది. ఊళ్లో మెకానిక్కులు విప్పి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

"ఇప్పుడు ఆడ ఇద్దురుండారు," అని కుప్పమ్మ అందరికీ చెప్పింది. జనం చీకటి పడ్డాక అతని జీపు ఎక్కడం మానేశారు.

దొరస్వామి మానలేదు. బండి ఆగగానే దిగి, రాళ్లకు ఆనుకుని కూర్చునేవాడు. భయం వేసేది కాదు. ఏదీ అనిపించేది కాదు. రాయి చల్లగా ఉండేది, అంతే. ఒక్క నమ్మకం మాత్రం అతనికి కావలసి ఉండేది. ఆ రాత్రి బండిని ఆపింది ఆ రాళ్ల మనిషే. అంత బలం ఉన్నదాని ముందు మనిషి చేసేదేముంది? ఆ ఒక్క మాట పట్టుకుని అతను పొద్దున లేచేవాడు, జీపు తోలేవాడు, పడుకునేవాడు.

నాలుగు నెలలు అలా గడిచాయి. చిత్తూరులో బ్రేకులు చూపించుకోవడానికి వరదయ్య షెడ్డుకు పోయాడు. వరదయ్య ముసలి మెకానిక్కు. ఎవరో దెయ్యం సంగతి ఎత్తితే అతను చేస్తున్న పని ఆపి, దొరస్వామి వైపు చూశాడు.

"పొద్దున ఆగదు, రాత్రే ఆగుతాది. అంతేనా?"

"అంతే అన్నా."

"మిట్ట ఎక్కేటప్పుడే. దిగేటప్పుడు కాదు?"

"కాదు."

"రాత్రికి ట్యాంకులో పెట్రోలు ఎంతుంటాది?"

దొరస్వామి ఆలోచించాడు. ముందైతే ఎప్పుడూ నిండుగా ఉంచేవాడు. కాన్పు రోజు హడావుడిలో పోయించడం మరిచాడు. ఆమె పోయాక ఆ శ్రద్ధే పోయింది.

"అడుగున ఉంటాది."

వరదయ్య లేచాడు. డ్రైవరు సీటు పీకి పక్కన పెట్టాడు. దాని కింద ఉన్న ట్యాంకులోని పెట్రోలు డబ్బాలోకి వంపాడు. చుట్టుపక్కల బీడీ కాల్చేవాళ్లను కేకలేసి తరిమాడు. తర్వాత చేతి అద్దం ఒకటి తెచ్చి, దానితో ఎండను ట్యాంకు మూతిలోంచి లోపలికి కొట్టి, ఒక కన్ను మూసి చూశాడు. సైకిల్ చక్రం పుల్ల ఒకటి తీసుకుని కొసను కొక్కెంలా వంచాడు.

పుల్ల లోపలికి పోయింది. గీరిన చప్పుడు... బయటికి వచ్చింది, ఏమీ లేదు. మళ్లీ పోయింది. ఈసారి మెల్లగా, చాలా మెల్లగా, తడుముతూ.

"తగిలింది," అన్నాడు వరదయ్య గొంతు తగ్గించి. "కదలబాకండి ఎవురూ."

లాగాడు. జారిపోయింది. మళ్లీ పట్టాడు. మూతిలోంచి ముందు ఒక నల్లటి కొస వచ్చింది. తర్వాత మెలితిరిగిన మురికి గుడ్డ — జానెడు, రెండు జానలు — పెట్రోలు కారుకుంటూ బయటికి వచ్చి నేల మీద పడింది.

"ఇదిగోప్పా నీ దెయ్యం!" వరదయ్య పగలబడి నవ్వాడు. "పెట్రోలు నిండా ఉంటే యాడో తేలతా ఉంటాది. తగ్గినాక మిట్ట ఎక్కితే ఎనక్కి జారి పెట్రోలు పీల్చే గొట్టం మూతికి అతుక్కుంటాది. ఇంజన్ ఆగినాక పీల్చేది లేదు గదా, మళ్లీ ఊడొస్తాది. ఆ దారిలో అంత మిట్ట అదొక్కటే. ఎవురప్పా దీన్ని ఏసింది?"

దొరస్వామి వంగి ఆ గుడ్డను తీసుకున్నాడు. డబ్బాలోని పెట్రోలులో ముంచి పిండాడు. నలుపు వదిలింది. అడుగున ఆకుపచ్చ రంగు, తెల్ల చుక్కలు కనిపించాయి.

కాన్పుకు ముందు, వినాయకచవితి రద్దీలో ట్యాంకు మూత ఎక్కడో పోయింది. పంకజాక్షి తన పాత చీర చింపి ముక్క ఇచ్చింది. దుమ్ము పోకుండా బాగా లోపలికి కుక్కమంది. బొటనవేలితో నొక్కి కుక్కింది మాత్రం దొరస్వామే. కొన్నాళ్లకు చూస్తే ముక్క లేదు. గతుకుల్లో ఎగిరిపోయిందనుకుని కొత్త మూత కొన్నాడు. మళ్లీ దాన్ని తలుచుకోలేదు.

"ఏమప్పా, అట్లా నిలబడిపోతివి?" అన్నాడు వరదయ్య. "నిజంగా బాగైపోయిందబ్బా బండి. ఇంక యాడా నిలవదు."

"ఊఁ," అన్నాడు దొరస్వామి. ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ట్యాంకులో కొంచెమే పెట్రోలు పోయమన్నాడు. రోజూ రాత్రికి ఎంత మిగులుతుందో అంతే.

మిట్ట కిందికి వచ్చేసరికి చీకటి పడింది. దొరస్వామి గేరు మార్చాడు. ఎక్కసాగాడు. రాళ్లు లైటు వెలుతురులోకి వచ్చాయి. ఊపిరి బిగబట్టి విన్నాడు. దగ్గు వస్తుందని... ఇప్పుడు వస్తుందని...

ఇంజన్ ఒకే గొంతుతో పాడుకుంటూ రాళ్లను దాటిపోయింది.

అవతల దిగాక జీపు తిప్పాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ దాటింది. మూడోసారి పక్క సీటు మీద చెయ్యి పెట్టి, "ఆపమ్మా," అన్నాడు. "ఆపు." ఎవరూ ఆపలేదు.

మిట్ట పక్కన చెరుకు గానుగ దగ్గర బెల్లం కాచే చిన్నబ్బ ఈ చప్పుడు చాలాసేపు విన్నాడు. జీపు ఎక్కుతుంది, దిగుతుంది, తిరుగుతుంది, ఎక్కుతుంది. లెక్క తప్పాక లాంతరు పట్టుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాడు. దొరస్వామి బ్రేకు వేశాడు. ఇంజన్ మాత్రం నడుస్తూనే ఉంది.

"ఏంది దొరస్వామీ? ఏమన్నా పడిపోయిందా ఈడ?"

"లేదన్నా. బండి నిలవడంలా."

"నిలవకుంటే మంచిదే గదప్పా! ఆయమ్మ నిన్ను ఒదిలేసిందన్నమాట. రేపు ఒక టెంకాయ కొట్టు."

లాంతరు వెలుతురులో దొరస్వామి ముఖం చూసి చిన్నబ్బకు ఆ మాట ఎందుకన్నానా అనిపించింది.

"ఒక్కసారి ఆపితే సాలన్నా," అన్నాడు దొరస్వామి గుసగుసగా. "ఒకే ఒక్కసారి. నువ్వన్నా సెప్పు ఆయమ్మకి. ఆపితే... పంకజాన్ని సంపింది నేను కాదనుకుంటా."

చిన్నబ్బకు ఏమీ బోధపడలేదు. లాంతరుతో పక్కకు జరిగాడు.

జీపు తిరిగి మిట్ట దిగింది. కింద ఆగి, గేరు మార్చుకుని మళ్లీ ఎక్కింది. ఎక్కడా దగ్గలేదు.