తలుపు సందులో బూటు

"నేను పంపలేదు మేడమ్. ఒట్టు. ఆ మెయిల్ ఎవరు పంపారో మీరే కనిపెట్టాలి" అన్నాడు మార్కెల్ డూప్రీ.

ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఐడా వెస్ట్‌బీ ఆఫీసులోని కుర్చీ అతనికి పీటలాగుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. లూసియానా వేడిలోంచి బాస్కెట్‌బాల్ కోసం మా ఉత్తర డకోటా మంచులోకి వచ్చి రెండేళ్ళయినా, పాపం, అతనికింకా కోటు గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాలేదు.

ఐడా మా హారో క్రీక్ ఊరికంతటికీ ఒకే ఒక్క ప్రైవేట్ డిటెక్టివ్. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగి ఎదుటివాడి ప్రాణం తీస్తుంది. ఆమె ఏమన్నా వేదవాక్కే అనుకునే సహాయకుడు రాస్కో పక్కన నిలబడి అన్నీ రాసుకుంటున్నాడు.

సంగతి ఇదీ. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు తన కాలేజీలోని రూల్స్ అధికారికి మెయిల్ పెట్టాలి. ఆ అధికారి రెండు పనిదినాల్లోగా అతని పేరు పోర్టల్లోకి, అంటే కాలేజీ మారేవాళ్ళ ఆన్‌లైన్ జాబితాలోకి, ఎక్కించాలి. పేరు ఎక్కేదాకా బయటి కోచ్‌లెవరూ అతన్ని పలకరించకూడదు. ఎక్కిందా, ఉన్న కాలేజీ అతని స్కాలర్‌షిప్ తీసేసుకోవచ్చు. మార్కెల్ ఫోను నుంచి బుధవారం మధ్యాహ్నం అలాంటి మెయిల్ వెళ్ళింది. శుక్రవారం పొద్దున పేరు ఎక్కింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారమే. ఎవరెవరో కోచ్‌లు ఫోన్లు చేస్తుంటే."

"అంతకుముందు తెలీదా?"

"తెలీదు మేడమ్. నేను పంపలేదని తేలితే నా చోటు నాకిస్తారు. లేకపోతే ఈ వేసవికి నేను ఏ కాలేజీవాణ్ణీ కాను."

"ఎవరు పంపారో తేలితే వాళ్ళకి ఉద్యోగమో చదువో పోతుంది. అది తెలుసా?"

మార్కెల్ కిటికీలోంచి మంచు వైపు చూశాడు.

హాస్టల్లో అతని ఎదురు గది వైయట్ లెఫర్స్‌ది. అదే జట్టు, అదే స్థానం. మార్కెల్ ఆడినంతకాలం వైయట్ బెంచీ మీదే. రాస్కో అనుమానమంతా అతని మీదే.

"వాడు పోతే నాకు లాభమే, కాదనను" అన్నాడు వైయట్ తలుపుకి జారబడి, ఐడా వెళ్ళి అడిగితే. "కానీ వాడి గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదండీ. సీజనంతా తలుపు బిగించుకునే ఉన్నాడుగా!"

ఆ హాస్టల్ తలుపులు వదిలేస్తే వాటంతటవే మూసుకుని తాళం పడిపోతాయి. అందుకే పిల్లలు సందులో బూటు ఇరికిస్తారు. బూటు కనబడితే లోపలికి రావచ్చని అర్థం.

"ఎప్పుడూ బిగించుకునేనా?"

"ఎప్పుడూ... ఆ, మొన్న బుధవారం సాయంత్రం మాత్రం బూటు పెట్టాడు. బాబోయ్, పడవంత ఉంది! గురువారం కూడా అలాగే ఉంది. శుక్రవారం పొద్దున తీసేశాడు."

"నువ్వు తొంగిచూడలేదా?"

"ఏ అమ్మాయి కోసమో ఎదురుచూస్తున్నాడేమోనని..." వైయట్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనెందుకు మధ్యలో?"

ఇంతలో నడవా చివర కిటికీ దగ్గర్నించి రాస్కో కేకేశాడు. గట్టు మీద పొద్దుతిరుగుడు గింజల పొట్టు గుప్పెడు కుప్పగా పడివుంది. మా ఊళ్ళో ఆ గింజలు నోట్లో లేకుండా కనబడని మనిషి ఒక్కడే, కోచ్ స్టాన్ బ్రెకీ.

"హాస్టల్ వైపా? నేనా? నాకక్కడేం పని?" అన్నాడు కోచ్ తన గదిలో, పొట్టు కాగితం కప్పులోకి ఉమ్ముతూ. కళ్ళు మాత్రం ఐడా వైపు తిప్పలేదు.

"మెయిల్ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

"బుధవారమే. రూల్స్ అధికారి లోర్నా చెప్పింది."

బయటికి రాగానే రాస్కో ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అబద్ధమాడాడు మేడమ్! పొట్టే సాక్ష్యం! కొత్త ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి పిల్లాడి ఫోను కాజేసి..."

"ఫోను కాజేయడానికి వచ్చినవాడు గుప్పెడు గింజలు నమిలేదాకా అక్కడే నిలబడతాడా, రాస్కో?"

రాస్కో అప్పటిదాకా రాసుకున్నది కొట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ బాస్కెట్‌బాల్ హాల్లో అందర్నీ కూర్చోబెట్టింది ఐడా. మార్కెల్ అందరికీ దూరంగా బెంచీ చివర కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు.

"మెయిల్ వెళ్ళిన సాయంత్రం ఒక తలుపు సందులోకి బూటు వచ్చింది. పేరు ఎక్కిన పొద్దున పోయింది. సీజనంతా ఎన్నడూ లేని బూటు, సరిగ్గా ఆ మధ్యకాలంలోనే ఉంది" అంది ఐడా. "శుక్రవారందాకా ఏమీ తెలియనివాడు బుధవారం నుంచి ఎవరికోసం తలుపు తెరిచాడు మార్కెల్?"

మార్కెల్ పెద్ద చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"నేనే పంపాను" అన్నాడు. "వెళ్ళిపోదామని కాదు. రెండు రోజులు గడువుంటుందిగా. ఎవరో ఒకరు వచ్చి 'పోవద్దురా' అంటే చాలు, వెనక్కి తీసుకుందామనుకున్నా. ఎవ్వరూ రాలేదు. ఉత్తినే తలుపు తీసి పెట్టుకుని ఎదురుచూశానని చెప్పడానికి సిగ్గేసింది. అందుకే అబద్ధమాడాను. నావల్ల ఇంకొకరి బతుకు పోతుందని మేడమ్ అన్నప్పట్నించీ నాకు నిద్రలేదు."

"ఎవ్వరూ రాలేదనకు. ఒకాయన వచ్చాడు" అంది ఐడా. "కిటికీ దగ్గర నిలబడి, ఆ బూటునే చూస్తూ, జేబులో గింజలన్నీ నమిలేశాడు. అవునా స్టాన్?"

కోచ్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "వచ్చాను. మరి రూలు ఉందిగా! పేరు ఎక్కేదాకా కోచ్ అనేవాడు పిల్లాడితో ఆ మాటే ఎత్తకూడదని. అక్కడికి వెళ్ళానని తెలిస్తే సస్పెండ్ చేస్తారని అబద్ధం చెప్పాను."

రూల్స్ అధికారి లోర్నా కళ్ళద్దాలు తీసేసింది. "అయ్యో స్టాన్, అది బయటి కోచ్‌లకయ్యా! మన పిల్లాణ్ణి ఎత్తుకుపోకుండా. నీకు కాదు. నువ్వు రోజంతా బతిమాలినా అడిగేవాడు లేడు."

పైన ఎక్కడో గాలికి రేకు కొట్టుకుంటోంది.

"ఇప్పుడు పేరు తీసేయొచ్చా కోచ్?" అన్నాడు మార్కెల్. "మీరు ఒప్పుకుంటే చాలట."

కోచ్ అతని దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"శుక్రవారం నీ పేరు చూశాక, ఇంక నేనక్కర్లేదేమో నీకు అనుకున్నానురా. ఆ సాయంత్రమే నీ చోటు ఇంకో పిల్లాడికి మాటిచ్చేశాను. వాళ్ళమ్మతో కూడా మాట్లాడేశాను."

మార్కెల్ తలూపాడు. ఆ రెండో పిల్లాడి చోటు లాక్కోమని అనలేదు. అతను అలాంటివాడు కాదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో రాస్కో పుస్తకం తెరిచాడు. "కేసు తేలినట్టు రాయనా మేడమ్?"

"రాసుకో" అంది ఐడా. ఎప్పుడూ మూసి ఉంచే తన ఇంటి తలుపు ఆమెకి గుర్తొచ్చి ఉంటుంది.

ఆ సాయంత్రం హాస్టల్లో మార్కెల్ పెట్టె సర్దుకుంటున్నాడు. తలుపు మూసే ఉంది. ఎవరో తట్టారు. తీస్తే వైయట్, చేతిలో వేడివేడి పిజ్జా, చంకలో తన సొంత బూటు.

"నీ పడవ పెడితే వచ్చేవాళ్ళు తట్టుకుని పడతారురా" అంటూ ఆ చిన్న బూటు సందులో ఇరికించి, వచ్చి మంచం మీద కూర్చున్నాడు.