బహీగా ఇంట పండగ వంట

“సూది విరిగింది,” అన్నాడు బ్రిటిష్ గూఢచారి శాఖ మేజర్ ప్రెస్కాట్.

రహస్యం బయటికి పొక్కిందని దానికి అర్థం. కైరోలో ఒక కెమెరా షాపు వెనక గదిలో నిలబడి రిఫాత్ ఆ మాట విన్నాడు. చేతిలో పనిముట్ల పెట్టె. ఊరి దృష్టిలో అతను కుట్టుమిషన్లు బాగుచేసే లబీబ్. లోకం లెక్కలో రిఫాత్ అనేవాడు రెండేళ్ల కిందట సముద్రంలో మునిగిన ఓడతోపాటే పోయాడు. దమియెట్టాలో ఉన్న అతని తల్లికి సంతాపం తెలుపుతూ మేజరే స్వయంగా ఉత్తరం రాశాడు. చాలా బాగా రాశాడట.

అది 1942 అక్టోబరు. తెల్లవారితే రంజాన్ పండగ.

మేజర్ విషయమంతా క్లుప్తంగా చెప్పేశాడు. పోలండ్‌లో రాజుకున్న యుద్ధం మూడేళ్లు తిరిగేసరికి అలెగ్జాండ్రియా గుమ్మం దాకా, ఎల్ అలమైన్ దాకా వచ్చింది. జర్మన్లు అది దాటితే సూయజ్ కాలువ వాళ్లది, ఆ వెనకున్న నూనె బావులూ వాళ్లవే. ఇంకో పది పన్నెండు రోజుల్లో బ్రిటిష్ సైన్యం ఉత్తరం వైపు నుంచి దెబ్బ కొట్టబోతోంది. అప్పటిదాకా శత్రువు దక్షిణం వైపే చూస్తుండాలి. అందుకే దక్షిణాన ఎడారిలో ఖాళీ పెట్రోలు డబ్బాలతో ఉత్తుత్తి నీళ్ల పైపులైను వేస్తున్నారు. ఇవాళ పొద్దున ఒక జర్మన్ వైర్‌లెస్ సందేశం దొరికింది. పైపులైను బూటకమని నువ్వన్నదానికి రుజువులు రేపు పగలు పన్నెండింటికి పంపు, అని ఉంది అందులో.

“ఎవరికొచ్చిందది?”

“జాస్మిన్ అని కోడ్ పేరు. అంతకు మించి తెలీదు. వాడు ప్రసారం మొదలుపెట్టాక చోటు కనిపెట్టడానికి మన వ్యానుకి ఇరవై నిమిషాలు పడుతుంది. వాడికి రెండు నిమిషాలు చాలు.”

“పైపులైను సంగతి ఇంకెవరికి తెలుసు?”

“ఆఫీసు బయట ఇద్దరికే. నీకు, బహీగాకి.” మేజర్ సిగరెట్ ముట్టించాడు. “ఆవిడ మొగుణ్ణి జర్మన్ బాంబే పొట్టన పెట్టుకుంది. అనుమానించడానికి నాకు మనసొప్పడం లేదు. అయినా ఒకసారి వెళ్లి చూసిరా.”

అందరూ గౌరవంగా హానిమ్ అని పిలిచే బహీగాకు ఊరి నడిబొడ్డున టోపీల షాపు ఉంది. దొరల భార్యలంతా అక్కడే తేలేవాళ్లు. జర్మన్లు ఆమెను తమ మనిషనుకున్నారు, మేజర్ తన మనిషనుకున్నాడు. మేజర్ అల్లిన అబద్ధాలను జర్మన్లకు చేరవేయడం ఆమె పని. జూన్‌లో అలెగ్జాండ్రియా రేవు మీద బాంబులు పడ్డప్పుడు భర్త వగ్దీ పోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ ఆమె ఒంటి మీద నల్లబట్టలే. అవి ఆమెకు ఎంత నప్పాయంటే, టోపీలతో పనిలేని ఆఫీసర్లు కూడా షాపు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

వారానికోసారి మిషన్లు చూసే వంకతో రిఫాత్ అక్కడికి వెళ్లి సమాచారం తెచ్చేవాడు. ఆమెదీ దమియెట్టాయే. మొదటి రోజే గుర్తుపట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఈ భూమ్మీద అతన్ని రిఫాత్ అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. మేజర్ కూడా నంబరుతోనే పిలిచేవాడు. ఆ పిలుపు కోసం రిఫాత్ ఒక్కోసారి మిషన్లో ఏదో ఒక మర కాస్త వదులుగా ఉంచి వచ్చేవాడు. మళ్లీ కబురొస్తుంది కదా అని. గూఢచారులంటే సరదాగా బతుకుతారనుకునేవాళ్లు ఇది విని నవ్వుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం షాపంతా గాలించాడు. నూనె డబ్బాలో దాచిన బుల్లి కెమెరాతో ఆమె కాగితాలన్నీ ఫొటోలు తీశాడు. తప్పు పట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. వెళ్లబోతుంటే బహీగా ఒక రేకు డబ్బా చేతిలో పెట్టింది.

“ఇంట్లో చేశాను రిఫాత్. పండగ పూట ఒక్కడివే కదా తమ్ముడూ, తిను.”

అతనికి సిగ్గేసింది. ఏమీ దొరకలేదని మేజర్‌కు కబురు పెట్టి గదికి పోయాడు.

పండగ పొద్దున వీధంతా కౌగిలింతలే. నమాజు నుంచి వచ్చినవాళ్లు ఒకళ్ల తలుపు ఒకళ్లు తడుతున్నారు. రిఫాత్ తలుపు ఎవరూ తట్టలేదు. అద్దెకుండే మెకానిక్‌తో ఎవరికి పని? పదకొండు దాటాక డబ్బా మూత తీశాడు. కహక్. నేతితో కలిపిన పిండిలో ఖర్జూరం కూరి, కాల్చి, పైన పంచదార చల్లిన బిళ్లలు. ఒకటి తిన్నాడు. అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. రెండోది నోట్లో పెట్టుకున్నాడు.

నమలబోయి ఆగాడు. పాత పండగొకటి గుర్తొచ్చింది.

తను ‘పోయిన’ ఏడాది, పండగ ముందు, ఉండబట్టలేక ఫకీరు వేషంలో దమియెట్టా వెళ్లాడు. ప్రతి ఇంటి నుంచీ కహక్ పళ్లేలు వీధి చివరి రొట్టెల బట్టీకి పోతున్నాయి. అమ్మ తలుపు మాత్రం మూసే ఉంది. చావు జరిగిన ఇంట ఆ ఏడాది కహక్ చేయరు. ఇరుగుపొరుగు తెచ్చిపెడితే తినాలి, అంతే. కొడుకు బతికే ఉండి, ఆ మూసిన తలుపును వీధి మలుపు నుంచి చూసి వెళ్లిపోయాడు.

మరి జూన్‌లో మొగుణ్ణి పోగొట్టుకున్న బహీగా అక్టోబరులో కహక్ ఎలా చేసింది?

కింది కొట్లోంచి ఫోన్ చేశాడు. మేజర్ పోలో ఆటకు వెళ్లాడట. ఫోన్ ఎత్తినవాడికి రెండు ముక్కల్లో విషయం చెప్పి రిఫాత్ పరుగు తీశాడు. ఊయలలు, బండ్లు, కొత్త బట్టల జనం. టాక్సీ దొరికే ప్రశ్నే లేదు. షాపు పైన మూడో అంతస్తులో ఆమె కాపురం. మెట్లెక్కి తలుపు కొట్టేసరికి పన్నెండుకు నాలుగు నిమిషాలు.

బహీగా తలుపు తీసింది. పనిముట్ల పెట్టె చూసి నవ్వబోయి ఆగిపోయింది.

“చావు ఇంట్లో కహక్ చేయరు కదా హానిమ్,” అన్నాడు.

ఆమె తలుపుకి అడ్డం జరగలేదు. బుకాయించలేదు.

“బతికున్న మనిషికి ఆ చావు నియమం ఎలా పాటించమంటావు? నల్లబట్టలు కట్టా, జనంలో ఏడ్చా. అవన్నీ నాటకమే. కానీ పండక్కి కహక్ చెయ్యకపోతే నిజంగానే పోతాడేమోనని భయమేసింది తమ్ముడూ. చేశాక నీకు పెట్టకుండా ఉండలేకపోయా.”

లోపలి గదిలో టకటకమని వైర్‌లెస్ మీట చప్పుడు మొదలైంది. జాస్మిన్ అంటే వగ్దీయే. ముందు తన కోడ్ పేరు పంపుకుంటున్నాడు. ఆ తర్వాతే అసలు విషయం.

రిఫాత్ ఆమెను తోసుకుని వంటింట్లోంచి బాల్కనీలోకి దూకాడు. ఆరేసిన బట్టల మధ్య ఒక తాడు రాగిలా మెరుస్తోంది, అది వైర్‌లెస్ ఏరియల్ తీగ. పెట్టెలోంచి గుడ్డలు కత్తిరించే కత్తెర తీసి దాన్ని తెంపేశాడు. లోపల మీట ఇంకా కొట్టుకుంటూనే ఉంది, ఎవరికీ వినబడకుండా.

వగ్దీ పిస్తోలుతో బయటికొచ్చాడు. నాలుగు నెలలుగా ఎండ తగలక పాలిపోయిన మనిషి. గురి పెట్టాడు. బహీగా రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది.

“వద్దు. ఒకసారి చచ్చావుగా, చాలు.”

పిస్తోలు కిందికి దిగింది. మెట్ల మీద మేజర్ మనుషుల బూట్ల చప్పుడు దగ్గరైంది.

మొగుణ్ణీ పెళ్లాన్నీ వేరువేరు వ్యాన్లు ఎక్కించారు. ఎక్కేముందు బహీగా వెనక్కి తిరిగి, “మీ అమ్మకి చెబుదామని ఎన్నిసార్లనుకున్నానో. నీ ప్రాణం మీదికొస్తుందని నోరు నొక్కుకున్నా,” అంది. ఆమెలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది రిఫాత్‌కి. వ్యాను కదిలాక గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్లు కూడా లేరు.

అక్టోబరు ఇరవై మూడున ఉత్తరాన ఫిరంగులు మోగాయి. దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డ జర్మన్ ట్యాంకులు కదలడానికి రోజులు పట్టింది. అంతదాకా ముందుకొచ్చిన సైన్యం అక్కడ్నుంచి వెనక్కి నడక మొదలుపెట్టింది. యుద్ధం మలుపు తిరిగిందని లండన్‌లో చర్చి గంటలు కొట్టారు.

మేజర్ చాలా సంతోషించాడు. మెచ్చుకుంటూ రిఫాత్‌కు రెండు రోజులు సెలవు కూడా ఇచ్చాడు. ఆ రెండు రోజులూ ఎవరితో గడపాలో మాత్రం ఆర్డర్లో రాయలేదు.