కోడలి నోట అత్త పేరు

తెల్లవారగానే ఆవు పాలు పితుకుతున్న సాల్కిన్ చెవులు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి. అక్కడ కోడలు జీపర్, తన మొగుడు ఎర్మెక్‌ను ఎదురుగా నిలబెట్టుకొని ఉపన్యాసం వల్లె వేస్తోంది. రేపే పట్నంలో, బిష్కెక్ యూనివర్సిటీలో ఆమె పైచదువుకు ఆఖరి పరీక్ష. పదిమంది ముందు నిలబడి, ఊళ్లో తాను నడిపిన పని గురించి చెప్పి ఒప్పించాలి.

సమాజానికి పనికొచ్చే కొత్త వ్యాపారాలు ఎలా పెట్టాలో నేర్పే చదువట. "నలుగురికి మేలు చెయ్యడానికి కూడా పట్టా కావాలటే?" అని మొదట్లో సాల్కిన్ ఆటపట్టించింది. కానీ ఆ పిల్ల అసాధ్యురాలు! కొనే దిక్కులేక వాగులో పారబోసే ఉన్నిని ఊరి ఆడవాళ్లతో కడిగించి, ఒత్తించి, తివాచీలు చేయించి పట్నం హోటళ్లకు పంపుతోంది. గొర్రె ఒక్కటీ లేని విధవలకు కూడా వాటా పెట్టింది. చంకలో బిడ్డ, చేతిలో పుస్తకం. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుందని సాల్కిన్ లోలోపల పొంగిపోయేది.

"ఉన్ని కడిగే పని తుర్సునాయ్ చూసుకుంది," అంటోంది జీపర్. "రంగులు బర్చిన్ అద్దింది. అందరినీ మొదట ఒక్కచోటికి చేర్చింది మాత్రం... ఒక పెద్దావిడ."

సాల్కిన్ చెయ్యి ఆగిపోయింది. ఒక పెద్దావిడా? మంచులో ఇంటింటికీ తిరిగి, "రండే, అందరం కలిసి చేద్దాం, మాంసం నేను వండిపెడతా" అని బతిమాలింది ఎవరు? పాలచెంబు అక్కడే వదిలేసి వాకిట్లోకి వచ్చింది.

"బాబును నేను చూసుకోను. ప్రయాణం కట్టిపెట్టు."

"అయ్యో, అత్తయ్యా! ఇవాళ బండెక్కకపోతే రెండేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే!"

"పోనీ! ఊళ్లోవాళ్ల పేర్లన్నీ నోరారా చెప్పావు. నా పేరే చేదైందా? ముసలిదాని కష్టం నీ ఖాతాలో వేసుకుంటావా?"

జీపర్ మొహం పాలిపోయింది. "నేనెలా అంటాను అత్తయ్యా? కోడలి నోట అత్తమామల పేర్లు రాకూడదని పెళ్లయిన మర్నాడే మీరేగా చెప్పారు! మీ పేరుకు చల్లగాలి అని అర్థమని, ఎండాకాలం చల్లగాలి వీచినా ఆ మాట అనకుండా 'హాయిగా ఉంది' అంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను."

"మా అత్తగారు అనొచ్చుగా మరి!"

"మొన్న యూనివర్సిటీలో ఇదే ఉపన్యాసం ఒకసారి చెప్పి చూపించినప్పుడు అలాగే అన్నాను. ఆవిడకో పేరు లేదా అని ప్రొఫెసర్ గారు అడిగారు. నోరు పెగల్లేదు, అందరూ నవ్వారు. మళ్లీ అడుగుతారని భయమేసి ఇలా మార్చాను. చెప్పకపోతే మీకు అన్యాయం, చెబితే మర్యాద తప్పినట్టు. నన్నేం చెయ్యమంటారు?" అంటూ భోరుమంది.

సాల్కిన్ కట్టెల మీద కూలబడింది. ఆవిడకో పేరు లేదా? అమ్మ, అత్త, మామ్మ... భర్త పోయాక ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేకుండా పోయారు. తనకూ ఒక పేరుందన్న సంగతి ఆమెకే ఎప్పుడోగాని గుర్తురాదు.

"అను," అంది.

"అమ్మో! నా వల్ల కాదు."

"నేనే చెబుతున్నానుగా, అను!"

"సా... సాల్కిన్."

"ఓరి దేవుడో, అమ్మ పేరే!" అన్నాడు ఎర్మెక్.

"నువ్వు నోరు ముయ్యరా. ఏమే, ఇక్కడికే వినబడలేదు, అంత పెద్ద గదిలో ఎవరికి వినబడుతుంది? గట్టిగా!"

జీపర్ కళ్లు మూసుకొని, ఊపిరి బిగపట్టి, "సాల్కిన్!" అని అరిచింది.

సాల్కిన్ కోడలిని లాగి గుండెలకు హత్తుకుంది. ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. "నా బంగారు తల్లీ, పేరుతో సహా చెప్పి రా. పట్టా నీది, పేరు మనిద్దరిదీ. పిల్లాణ్ణి ఇటియ్యి, బండి వెళ్లిపోతుంది."

సంచి భుజాన వేసుకొని జీపర్ గేటు దాటుతుంటే, పిల్లాణ్ణి ఎత్తుకొని సాల్కిన్ వెనకాలే వచ్చింది.

"జీపర్! వెళ్లేముందు ఇంకొక్కసారి అనవే."