రెండు గంటల సూది

పెనుకొండలో కొండ కింద ఒక ధర్మాసుపత్రి ఉండేది. ఇప్పుడా కట్టడం లేదు, దాని పేరు చెప్పి ఎవరినీ నొప్పించను. అందులో మగవాళ్ల వార్డులో ఆరో నంబరు మంచానికి చెడ్డపేరు. దాన్ని ఎక్కినవాడు నడిచి ఇంటికి పోడని చెప్పుకునేవాళ్లు. అంతటితో ఆగితే బాగుండేది... అర్ధరాత్రి దాటాక ఆ మంచం వైపు నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారనీ, పలికినవాడి వంతు తర్వాత వస్తుందనీ కూడా చెప్పుకునేవాళ్లు.

పిలుపు విన్నామన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పిలిచినదాన్ని చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. చూడాలంటే ముసుగు తీయాలి కదా, ఆ పని ఎవరు చేస్తారు?

ఇది మా పెద్దనాయన సంజీవప్ప చెప్పిన కథ. ఆయనది చిలమత్తూరు దగ్గర పల్లె, చెనిక్కాయ, అదే వేరుశనగ, సేద్యం. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో విత్తనాలు వేస్తుంటే గొర్రు కాలిలో దిగి చీము పట్టింది. హిందూపురంలో ఒక డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడు. వేసిన కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, చావు తప్పి బయటపడ్డాడు. ఇంకోసారి ఆ సూది పడితే మనిషి దక్కడని చెప్పి ఆయన్ను పెనుకొండకు పంపించారు. ఇక్కడి డాక్టరు ఆ మాటనే చీటీ మీద ఎర్రసిరాతో రాసి మంచం కాళ్ల వైపు తగిలించాడు. అప్పుడు ఖాళీగా ఉన్నది ఆరో నంబరు ఒక్కటే.

ఆ మంచం నర్సు బల్లకు ఎదురుగా ఉండేది. కంటి ముందు ఉంటారని, మరీ ప్రమాదంలో ఉన్న రోగుల్ని డాక్టరు అక్కడ పడుకోబెట్టేవాడు. అలాంటివాళ్లలో కొందరు పోవడం సహజమే కదా. ఈ చిన్న సంగతి వార్డులో ఎవరికీ తట్టలేదు. మా పెద్దనాయనకు అసలే తట్టలేదు.

పక్కన ఐదో నంబరులో హిందూపురం బెల్లం వ్యాపారి సుబ్బరాయుడు శెట్టి. ఛాతీకి నెమ్ము చేసి, ఆరు గంటలకొక పెన్సిలిన్ సూది చొప్పున పది రోజులు గడిచినా జ్వరం దిగని మనిషి. వార్డు కట్టుబాట్లు పెద్దనాయనకు ఆయనే చెప్పాడు. నాలుగు రోజుల కిందటే ఆ మంచంలో ఎర్రమంచి రామన్న పోయాడట. రాత్రిపూట పిలుపు వస్తే పలకకూడదట. పేరు అడిగితే చచ్చినా సొంత పేరు చెప్పకూడదట. ఇదంతా దగ్గుకుంటూ, గొంతు తగ్గించి, ఎంతో దయగా చెప్పాడట.

ఆ రాత్రి...

పెద్దనాయనకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. వార్డంతా చీకటి. అవతలి చివర ఒక లాంతరు కదులుతోంది. లాంతరు వెనక తెల్లచీర.

అడుగుల చప్పుడు లేదు.

తెల్లచీర ఒకటో మంచం దగ్గర ఆగింది. వంగి ముఖంలోకి చూసింది. చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. తర్వాత ఏదో రాసుకుంది. రెండో మంచం... మూడో మంచం... పెద్దనాయన దుప్పటి సందులోంచి చూస్తున్నాడు. ఆమె రొమ్ము మీద చిన్న గడియారం వేలాడుతోంది — అదీ తలకిందులుగా. మనుషులు గడియారాన్ని చేతికి కట్టుకుంటారు, గోడకు తగిలిస్తారు. తలకిందుల గడియారం ఎవరు పెట్టుకుంటారో ఆయనకు వెంటనే అర్థమైపోయింది.

ఐదో మంచం దగ్గర ఆగి గుసగుసగా అడిగింది — "పేరు చెప్పప్పా."

శెట్టి పలకలేదు. పైగా గురక మొదలుపెట్టాడు. పది రోజులుగా దగ్గుతో కన్ను మూయనివాడికి అంత మంచి గురక ఎక్కడిదని పెద్దనాయన అంత భయంలోనూ అనుకున్నాడట.

ఆమె రెండు మంచాలనూ మార్చి మార్చి చూసింది. లాంతరు ఇటు తిరిగింది. సారాయి లాంటి వాసన గుప్పుమంది. దెయ్యాలు తాగుతాయని ఆయన అంతకుముందు వినలేదు.

"మీ పేరేమప్పా?"

పెద్దనాయనకు ఇల్లూ పిల్లలూ కళ్ల ముందు మెదిలారు. కోతకు రావలసిన చెనిక్కాయ గుర్తొచ్చింది. ఇక ధర్మాధర్మాలు చూసుకునే వ్యవధి లేదు.

"సుబ్బరాయుడు" అన్నాడు.

పక్క మంచంలో గురక ఆగిపోయింది.

తెల్లచీర లాంతరు దించి మంచం పక్కన పెట్టింది. తర్వాత ఆయన చేతి రెట్ట పట్టుకుంది. చల్లగా, తడిగా ఏదో తగిలింది. లాంతరు వెలుగులో సూది మొన తళుక్కుమంది... ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసుకుని ఉండగానే ఇంకో ప్రశ్న వచ్చింది.

"మీ నాయన పేరు?"

దీనికి ఆయన సిద్ధంగా లేడు. ఒక పేరుతో వదులుతుందనుకుంటే వంశమంతా అడుగుతోంది. కంగారులో నోటికొచ్చింది అనేశాడు.

"ఆ శెట్టి నాయన పేరు నాకేం తెలుసు తల్లీ?"

సూది ఆగిపోయింది. ఆమె లాంతరెత్తి మంచం కాళ్ల వైపు చీటీ చదివింది. ఎర్రసిరా ఆమెకు ఇప్పుడు కనిపించింది. లాంతరు కింద పెట్టి, మంచం పట్టె పట్టుకుని నిలబడింది. దేవుడా అని పైకే అంది. దెయ్యం దేవుణ్ని ఎందుకు పిలుస్తుందో ఆయనకు అర్థం కాలేదు.

అది దెయ్యం కాదని చదివేవాళ్లకు నేను చెప్పాలా? ధర్మవరం పిల్ల నీలావతి, మూడేళ్లు నర్సు చదువు చదివి వచ్చిన అమ్మాయి. ఆమెకది మొదటి రాత్రి డ్యూటీ. కాళ్లకు గుడ్డ బూట్లు, చేతిలో స్పిరిట్ దూది. నాడి పట్టుకున్నప్పుడు వంగి చూసుకోవడానికి వీలుగా గడియారాన్ని తలకిందులుగా గుచ్చుకుంది. సూది వేసే ముందు మంచం నంబరు చూసి ఊరుకోకూడదని, రోగి నోటితోనే పేరూ, నాయన పేరూ చెప్పించాలని ఆమె నేర్చుకుంది. ఆరో నంబరంటే భయపడి రోగులు మంచాలు మార్చుకుంటారని ఆయా అంజినమ్మ సాయంత్రమే చెప్పింది. అందుకే ఆరో మంచంలోంచి సుబ్బరాయుడనే మాట రాగానే శెట్టి ఇటు మారాడనుకుంది. శెట్టికి వేయవలసిన పెన్సిలిన్ మా పెద్దనాయన రెట్టలోకి దిగడానికి గోరంత దూరమే మిగిలింది. దెయ్యానికి దొరక్కూడదని ఆయన చెప్పిన అబద్ధమే ఆయన్ను చంపబోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది.

తను నర్సునని నీలావతి చెప్పింది. వార్డులో ఒక్కరూ నమ్మలేదు. దెయ్యమైతే రాత్రి రెండింటికి రావచ్చు గాని నర్సు ఎందుకు వస్తుందని వాళ్ల సందేహం. శెట్టి రెట్ట ఇవ్వనన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, సూది ఆలస్యమవుతోంది. బలవంతంగా పొడవడానికి ఆమెకు మనసు రాలేదు. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు.

"బూట్లు తీసి పాదాలు చూపించమ్మా."

నీలావతి బూట్లు తీసింది. శెట్టి లాంతరు పట్టుకుని వంగి, వేళ్లు ముందుకే ఉన్నాయని చూసుకున్నాడు. మడమలు వెనక్కే ఉన్నాయని కూడా చూసుకున్నాడు. అప్పుడు పేరు చెప్పాడు, నాయన పేరు చెప్పాడు, రెట్ట ఇచ్చాడు. ఆ తర్వాత మా పెద్దనాయన వైపు తిరిగి పడుకుని, తెల్లవార్లూ కళ్లార్పకుండా చూశాడట. అది దెయ్యంకంటే కష్టంగా ఉండిందని పెద్దనాయన అనేవాడు.

పొద్దున డాక్టరు రాకముందే నీలావతి వార్డు పుస్తకంలో రాసింది — రాత్రి రెండు గంటలకు ఐదో నంబరు సూది ఆరో నంబరుకు వేయబోయానని, చీటీ ముందుగా చూడకపోవడం తన తప్పేనని. ఆమె రాకముందు ఇన్నాళ్లూ రాత్రి డ్యూటీ చేసిన నర్సు ఇందిరమ్మ ఆ పేజీ చూసి తల పట్టుకుంది. ఏమీ జరగనిదాన్ని రాసి ఉద్యోగం పోగొట్టుకోవడం ఎందుకని, ఆ కాగితం చించేయమని పక్కకు పిలిచి చెప్పింది. నీలావతి చించలేదు. కాని కంటినిండా నీళ్లు పెట్టుకుందని పెద్దనాయన స్వయంగా చూశాడు.

డాక్టరు వచ్చి చదివాడు. పుస్తకం చేతిలోనే ఉంచుకుని ఐదో మంచం దగ్గరికి నడిచాడు. శెట్టి నుదురు పట్టి చూస్తే పది రోజుల్లో మొదటిసారి చల్లగా తగిలింది. డాక్టరు పుస్తకంలో వెనక్కి పది పేజీలు తిప్పాడు. ప్రతి రాత్రీ రెండు గంటలకు శెట్టికి సూది వేసినట్టు సంతకం ఉంది. రామన్న బతికి ఉన్నన్నాళ్లూ ఆయనకూ వేసినట్టే ఉంది. అన్నీ ఒకే సిరా, ఒకే చెయ్యి. ఆ సూదులు పుస్తకంలో పడ్డాయి గాని ఒంట్లో పడలేదన్నమాట.

రోజూ రెండింటికి ఎవరొచ్చేవాళ్లని డాక్టరు వార్డునంతా అడిగాడు. ఎవరూ రారని అందరూ ఒకే గొంతుతో చెప్పారు. ఇందిరమ్మ కిటికీలోంచి కొండను చూస్తూ నిలబడింది.

రోగులు దెయ్యం దెయ్యమని బెదిరిపోతే పేరు అడగడం, సూది వేయడం ఎట్లా కుదురుతాయని నీలావతి నెమ్మదిగా అంది. అది శెట్టికి తగిలింది. పిరికివాడినని డాక్టరు ముందు అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. దిండు మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"ఉత్తమాట కాదు సార్. దెయ్యం ఉండాది. రామన్న పోయిన రాత్రి నేను చెవులారా విన్యా."

ఏం విన్నావని డాక్టరు అడిగాడు.

"ఈ ఆరో నంబరు నుంచే సార్. నా పేరే పెట్టి మూడుసార్లు పిలిచె. 'శెట్టీ... ఊపిరాడలేదు... నర్సమ్మను రోంత పిలువప్పా' అని. వార్డంతా విన్యారు, అడగండి. నేనెట్ల పలుకుతా? ముసుగు తన్నుకుని పడుకుంటి." శెట్టి సాక్ష్యానికి అందరి వైపూ చూశాడు. అందరూ అవునని తలలూపారు. "దెయ్యమంటే అట్లుంటాది సార్. గొంతు కూడా... అచ్చం రామన్న గొంతే."