కాళ్లకు నీళ్లు

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి పెద్దమనుషులు ఇప్పటికీ నొచ్చుకుంటారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, కాలవ పక్కన, రెండు బియ్యం మిల్లులూ ఒక సినిమా హాలూ ఉన్న ఊరనుకోండి, చాలు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు ఆ ఊళ్లో తాళంకప్పలు అమ్మేవాడు మేడ కట్టాడు. అన్ని దొంగతనాలు జరిగాయి మరి. ఇవాళ షావుకారుగారింట్లో వెండి గిన్నెలు, రేపు బట్టలకొట్లో తానులు. గంగారత్నం అని ఒక ఒంటరి విధవరాలుండేది, ఆవిడ పెరట్లో బోర్లించిన ఇత్తడి బిందె తెల్లారేసరికి లేదు.

పెద్దమనుషులు వెళ్లి ఎస్సైగారి ముందు కూర్చున్నారు. ఆయనకి దొంగలు దొరకలేదు. దొంగలు దొరకనప్పుడు దొరికేవాళ్లనే దొంగలనాలి. ఎప్పుడో ఒకసారి జైలుకెళ్లొచ్చిన ప్రతివాడి పేరూ స్టేషన్లో ఉంటుంది, వాళ్లనే కేడీలంటారు. రాత్రివేళ కానిస్టేబులు కేడీ ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. లోపలినుంచి వెంటనే పలకాలి. పలకలేదా, ఆ రాత్రి ఊళ్లో ఎక్కడ గోడకి కన్నం పడినా వాడే వేసినట్టు.

సత్యవేణి మొగుడు పైడిరాజు కేడీ. మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకసారి నూకల బస్తా మాయమైంది. అదెవరు తీశారో మిల్లులో అందరికీ తెలుసు, జైలుకెళ్లింది మాత్రం పైడిరాజు. బయటికొచ్చాక కేడీకి ఇల్లెవరిస్తారు? కాలవగట్టు దిగువన, గంగారత్నం ఇంటికి ఎదురుగా, ఎవరూ అద్దెకి దిగని పెంకుటిల్లు ఒకటి దొరికింది. అంతకుముందు అందులో ఉన్న సత్తిబాబూ కేడీయే. ఒక రాత్రి జ్వరంతో నాలుక పిడచకట్టుకుపోయి పిలుపుకి పలకలేకపోయాడు. ఈడ్చుకెళ్లారు. మళ్లీ రాలేదు. వాడి నులకమంచం ఇంట్లోనే ఉండిపోయింది. వీళ్లు దాన్నే వాడుకున్నారు. లేనివాళ్లకి మంచం దొరకడమే గొప్ప.

సత్యవేణికి ఇంకో బెంగ ఉండేది. వాళ్లిద్దరూ కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్లు. రాత్రిపూట ఎవరు పేరు పెట్టి పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకకూడదని అక్కడ పిల్లలకి ఉగ్గుతోపాటే నేర్పుతారు. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు, మనిషి కానిది రెండుసార్లతో ఆగిపోతుంది. పోలీసు పిలుపుకేమో మొదటిసారే పలకాలి. మొగుడు రోజూ చీకట్లోకి "ఉన్నానండి" అన్నప్పుడల్లా ఆవిడ గుండె కలుక్కుమనేది.

కార్తీకమాసంలో ఒకనాటి పొద్దున్న, చేపల బుట్ట దించుతూ లంక మనిషి కబురు చెప్పింది. పైడిరాజు తల్లి పోయిందట. సాయంత్రానికి దహనమట. ఒక్కడే కొడుకు. కేడీ ఊరు దాటాలంటే ఎస్సైగారి అనుమతి కావాలి, వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊళ్లో దొంగతనం జరిగినప్పుడల్లా మీ అమ్మ చస్తుందేంరా?" అన్నాడాయన. పక్కనున్నవాళ్లు నవ్వారు.

పైడిరాజు ఇంటికొచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"వెళ్తన్నానే. గుండుగొలను దాకా లారీ ఉంది, అక్కణ్ణించి నడిచి దోనె పట్టుకుంటాను. కొరివి పెట్టి తిరిగొచ్చేస్తాను."

"రాత్రికి పిలుస్తారు కదా మావా."

"జరం, గొంతు రావట్లేదని చెప్పు. కొత్త కానిస్టేబులు, నా మొహం ఎరగడు. ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా ఒకటే మాట. ఇంట్లోనే ఉన్నాడు. మాట మార్చావంటే మనిద్దరి బతుకూ ఆఖరు." గడప దాటబోయి వెనక్కి తిరిగాడు. "కాటి నుంచి వచ్చినోడు కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదు. చెంబుతో నీళ్లు తలుపుకాడ పెట్టి ఉంచు."

రోజంతా ఆవిడ ఆ మాటే వల్లె వేసింది. ఇంట్లోనే ఉన్నాడండి. ఇంట్లోనే ఉన్నాడండి. బియ్యం ఏరుతూ, పొయ్యి ఊదుతూ అదే.

పొద్దుగూకింది. కాలవ మీంచి మంచు దిగింది. మిల్లు ఆగిపోయాక ఆ వీధిలో వినబడేది కప్పల బెకబెకలు ఒక్కటే. తవుడు వాసన, తడి మట్టి వాసన. సత్యవేణి చెంబు నిండా నీళ్లు తలుపు దగ్గర పెట్టి, దీపం ఆర్పేసి, గోడవారగా కూర్చుంది. పైడిరాజు ఇంకా రాలేదు.

లాఠీ చప్పుడు దగ్గరికొచ్చింది. దాని వెనక చాలా కాళ్ల చప్పుడు. కానిస్టేబులు సత్యనారాయణమూర్తి నర్సాపురం నుంచి ఆ మధ్యనే బదిలీ మీద వచ్చాడు. నోటికి తేనె రాసుకున్నట్టు మాట్లాడతాడు. ఎవరి మీదా చెయ్యెత్తడు. ఎత్తేవాళ్లని వెంటేసుకు తిరుగుతాడు. ఊరి కాపలాకని షావుకార్లు కర్రలిచ్చి పంపిన మనుషులు వాళ్లు.

"పైడిరాజూ."

సత్యవేణి నోరు తెరిచింది. జరమండి, గొంతు రావట్లేదండి... ఆ మాట నాలుక చివరికి వచ్చాక గానీ ఆవిడకి తట్టలేదు. సత్తిబాబు సంగతీ అదే కదా.

"ఉన్నానండి."

మంచం మీంచి వచ్చింది ఆ మాట. పైడిరాజు గొంతే.

లాఠీ చప్పుడు ముందుకు సాగిపోయింది. సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది. పెరటి దారిన వచ్చి పడుకుని ఉంటాడు, నేనే చూసుకోలేదు అనుకుంది. చీకట్లో తడుముకుంటూ మంచం దగ్గరికి వెళ్లింది. దుప్పటి కింద మనిషి ఉన్నాడు. చెయ్యి వేసి చూసింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"ఎప్పుడొచ్చావు మావా?"

"నేనెక్కడికి వెళ్లాను?"

కషాయం వాసన వేసింది. ఆ ఇంట్లో ఎవరూ కషాయం కాయలేదు.

"నీళ్లియ్యి..." అంది ఆ గొంతు. "గొంతెండిపోతంది... నీళ్లియ్యి."

నీళ్లంటే ఇంట్లో ఉన్నవి ఆ చెంబెడే. కుండ ఖాళీ. సత్యవేణి తలుపు దగ్గరికి వెళ్లి చెంబు ఎత్తింది. అప్పుడు తలుపు అవతల, చెక్కకి నోరు ఆనించి, ఎవరో మెల్లగా పిలిచారు.

"వేణీ..."

ఇది మొదటిసారి.

"వేణీ... నేనే. అమ్మని సాగనంపేశాను. కాళ్లకు నీళ్లియ్యి."

ఇది రెండోసారి.

తలుపు సందులోంచి కొల్లేటి వాసన వచ్చింది. నాచు, బురద, తడిబట్ట. దానితోపాటు కాటి పొగ వాసన కూడా. కాటి నుంచి మనిషి వెంట ఏమేం వస్తాయో లంకల్లో చిన్నప్పటినుంచీ విన్నది. తెలిసిన గొంతుతోనే పిలుస్తాయి. మూడోసారి పిలవాలి. ఇంకొక్కసారి పిలిస్తే తలుపు తీస్తాను... ఇంకొక్కసారి...

"తియ్యకు వేణీ," అంది మంచం. "నేనిక్కడే ఉన్నాను."

లోపల ఒకడు నీళ్లడుగుతున్నాడు. బయట ఒకడు నీళ్లడుగుతున్నాడు. ఇద్దరిదీ ఒకే గొంతు. ఎవరికియ్యాలి?

బయట విజిల్ మోగింది. పరిగెత్తే కాళ్లు... కర్రల చప్పుడు... ఎవరో గోడకి కొట్టుకున్నారు.

"ఎవడ్రా నువ్వు? తలుపు సందులో ఏం చూస్తన్నావు?"

"పైడిరాజునండి. ఈ ఇల్లు నాదేనండి."

"పైడిరాజు ఇందాకే పలికాడు కదా నాయనా," అన్నాడు మూర్తి, కోపం లేకుండా. "సరే, నీ ముందే పిలుస్తాను. పైడిరాజూ."

"ఉన్నానండి," అంది మంచం.

మూర్తి లాఠీతో తలుపు తట్టాడు.

"ఏవమ్మా, నీ మొగుడు లోపలే ఉన్నాడా?"

పొద్దుటినుంచీ వల్లె వేసిన మాట. ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా. ఆవిడ ఆలోచించేలోపే నోరు దాని పని అది చేసేసింది.

"ఇంట్లోనే ఉన్నాడండి."

గంగారత్నం లాంతరు పట్టుకుని వచ్చిన అలికిడి అయింది. సత్యవేణి తలుపు సందుకి కన్ను ఆనించింది. గంగారత్నం లాంతరు పైకెత్తి, ఆ మనిషి మొహాన్ని దగ్గరగా చూసింది. నిదానంగా చూసింది. వీధిలో రోజూ కనబడే మొహం. పండక్కి ఆవిడింటి కట్టెలు కొట్టిపెట్టిన మొహం. లాంతరు వెలుగులో సత్యవేణికీ కనబడింది, బురద కొట్టుకుపోయిన తన మొగుడి మొహం. మెడ మీద బస్తాలు మోసి కాసిన కాయ సహా.

"ఎవరో నాకు తెలీదు," అంది గంగారత్నం. లాంతరు దించేసింది.

కర్రలు లేచాయి.

"వేణీ..."

మూడోసారి పిలిచాడు. సత్యవేణి చెంబు వదిలేసి గడియ లాగింది. గడియ రాలేదు. వేడి చెయ్యి ఒకటి దాని మీద ఉంది. అది వదిలేసరికి వీధిలో ఎవరూ లేరు. గట్టు మీద దూరంగా ఈడ్చుకుపోతున్న చప్పుడు మాత్రం వినబడింది.

పొద్దున్న స్టేషన్ అరుగు మీద గోనెపట్టా కప్పి ఉంచారు. పట్టా పొట్టిదైంది. పాదాలు బయటికున్నాయి. కొల్లేటి నల్లబురద, కడగకుండానే ఎండిపోయింది.

"నా మొగుడండి," అంది సత్యవేణి.

"నీ మొగుడు ఇంట్లో ఉన్నాడని నువ్వే చెప్పావు కదమ్మా," అన్నాడు మూర్తి. "మేమందరం విన్నాం. పరాయి దొంగ శవంతో నీకేం పని? ఇంటికి వెళ్లు తల్లీ."

ఊరికి గుండె మీంచి బరువు దిగింది. దొంగ పోయాడు. మాపటేళకి చాలామంది తలుపులకి గడియలు కూడా పెట్టుకోలేదు. మన ఊరంత భద్రమైన ఊరు జిల్లాలో లేదని సినిమా హాలు దగ్గర ఎవరో అన్నారట కూడా. ఆ మాట అన్నవాడి నోట మన్ను పడ!

సత్యవేణి ఇంటికి బయటినుంచి తాళం వేసి, ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని గడప బయట కూర్చుంది. వెళ్లడానికి ఇంకో చోటు లేదు, లోపలికి వెళ్లే ధైర్యం లేదు. ఏడవడానికి ఒంట్లో తడి లేదు. మంచు దిగింది. లాఠీ చప్పుడు వచ్చింది. చచ్చినవాడు దొంగ, పైడిరాజు కేడీ. కేడీని పిలవాలి కదా.

మూర్తి ఆవిడ వైపు చూడలేదు. తాళం వైపూ చూడలేదు.

"పైడిరాజూ."

"ఉన్నానండి," అంది తాళం వేసిన ఇల్లు. బొంగురు గొంతు. జ్వరం గొంతు. పైడిరాజుది కాదు.

మూర్తి తల ఊపి అడుగు ముందుకు వేశాడు.

"ఉన్నానండి."

ఈసారి ఎదురింట్లోంచి. ఇది పైడిరాజు గొంతు.

మూర్తి ఆగాడు. లాంతరు తిప్పాడు. గంగారత్నం తన ఇంట్లోంచి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికొస్తోంది, కళ్లు లోపలే పెట్టి.

"మీ ఇంట్లో మగదిక్కు లేదన్నారు కదండీ," అన్నాడు మూర్తి. "లోపల ఎవరమ్మా?"

గంగారత్నం పెదాలు కదిలాయి. "ఎవరో... నాకు తెలీదు."

లాంతరు వెలుగు ఆవిడ గడప మీద పడింది. నల్లటి బురద పాదాల గుర్తులు. లోపలికే వెళ్లాయి.

"వేణీ," అన్నాడు లోపలినుంచి పైడిరాజు. "కాళ్లకు నీళ్లియ్యి."

సత్యవేణి లేవబోయింది. ఒళ్లో చెంబు బరువుగా తగిలింది. వంగి చూసింది. అంచుల దాకా నీళ్లున్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి.