సుమిత్రాబాయి ఇవ్వనన్న అల్మారా

సుమిత్రాబాయి పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుండగా వాకిట్లో ఎడ్లబండి ఆగింది. పాత కాగితాలు కొనేవాడి బండి. కొడుకు జ్ఞానేశ్వర్ పుస్తకాల గది తలుపులు తెరుస్తున్నాడు.

ఆ గది ఆమె భర్త గోపాల్‌రావుది. చిమ్కోడ్ ఊళ్లో రెండు వందల ఎకరాలున్నా, ఆయన మనసంతా బీదర్ ఇంట్లోని ఆ గదిలోనే ఉండేది. గోడల నిండా ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, ఉర్దూ పుస్తకాలు. పోలీసు చర్య తర్వాత జరిగిన మొదటి ఎన్నికల్లో గెలిచి శాసనసభకు వెళ్లారు. ఉర్దూ బడి మూయొద్దని అక్కడ పట్టుబట్టినందుకు రెండోసారి సొంత పార్టీవాళ్లే ఓడించారు. ఆయన పోయి ఏడాదయింది. ఇప్పుడు అరవై రెండో సంవత్సరం ఎన్నికలకు జ్ఞానేశ్వర్‌కు టికెట్టు ఖాయమైంది. సాయంత్రం ఇంట్లోనే మీటింగు. జనానికి పాత గొడవ గుర్తు రాకుండా ఆలోపు ఉర్దూ పుస్తకాలు తీసేయమని తాలూకా నాయకుడు బాబురావు చెప్పాడట.

సుమిత్రాబాయి పిండి చేతులతోనే వచ్చి ఉర్దూ అల్మారాకు వీపు ఆనించి నిలబడింది.

“ఇది కదలదు, బిడ్డా.”

జ్ఞానేశ్వర్ ఎంతో నచ్చజెప్పాడు. అంతలో నలుగురు కార్యకర్తలతో బాబురావే వచ్చాడు. చదివేవాళ్లు లేనప్పుడు ఉంచుకుని ఏం లాభం వదినమ్మా అన్నాడు.

ఆమె ఒక పుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి కొడుకు చేతిలో పెట్టింది.

“ఉర్దూల నువ్వే ఫస్టు గదా. మీ నాయిన రాసింది చదువు. అందరికి ఇనబడాలె.”

పైన 1948, పోలీసు చర్య రోజుల తేదీ ఉంది. జ్ఞానేశ్వర్ తెలుగులోకి మార్చి చదివాడు.

“నిన్న రాత్రి హబీబ్ మాస్టరు ఇల్లు దోచుకున్నరు. నేను కిటికీల కెళ్లి చూసిన. దిగిపోతే నా మాట చెల్లేది. రేపు వీళ్లతోనే పని పడతదని ఊకున్న. తెల్లారి వీధిల పడ్డ పుస్తకాలు ఏరుకొచ్చి అల్మారాల పెట్టిన. మాస్టరు దొరుకలే. వస్తే ఇయ్యాలె.”

జ్ఞానేశ్వర్‌కు ఉర్దూ అక్షరాలు దిద్దించింది హబీబ్ మాస్టరే. అప్పట్లో హైదరాబాద్‌లో చదువుకుంటున్న తనకు, ఆయన ఊరు విడిచిపోయాడని మాత్రమే చెప్పారు.

“మీ నాయిన ఒక్కనాడు ఊకున్నడు. సచ్చేదాక ఆ సిగ్గు మోసిండు. అందుకే బడి కోసం కొట్లాడిండు, ఓడిపోయిండు,” అంది సుమిత్రాబాయి. “నువ్వు గెలువకముందే ఊకుంటవా?”

పాత సంగతులు తవ్వితే టికెట్టు ఉండదని బాబురావు హెచ్చరించాడు. జ్ఞానేశ్వర్ పుస్తకం మూయలేదు.

“పోతే పోనీ కాకా. సాయంత్రం మీటింగ్ ఈ గదిలనే. ఇది అందరి ముంగట మళ్ల చదువుత. ఉండేటోళ్లు ఉండుండ్రి.”

బాబురావు వెళ్లిపోయాడు. ముగ్గురు ఆయన వెంటే నడిచారు. ఒక్కడు మిగిలాడు. బండి ఖాళీగా తిరిగిపోయింది.

జ్ఞానేశ్వర్ అల్మారా ముందు కూలబడ్డాడు. మాస్టరు ఎక్కడున్నాడో ఎప్పుడైనా తెలిసిందా అని అడిగాడు.

“గుల్బర్గాల బిడ్డ దగ్గరున్నడంట. మీ నాయినకు పోనీకె మొఖం చెల్లలే.”

అతడు కళ్లు తుడుచుకున్నాడు.

“నాకూ చెల్లదమ్మా. అయినా రేపు పుస్తకాలు తీస్కొని పోదాం.”