కొలతకు పెట్టిన వేలు

మదీనాగూడలో హైవే పక్కన, కింద బట్టల షోరూము, పైన జిమ్ము ఉన్న బిల్డింగులో మూడో అంతస్తు మొత్తం ఒక డిగ్రీ కాలేజీ. అక్కడ జంతుశాస్త్రం చెప్పే మధుసూదన్‌కి బట్టీ చదువు గిట్టదు. అందుకని ప్రతి ఏడూ రెండో సంవత్సరం పిల్లల చేత తలా ఒక ప్రాణి మీద పరిశోధన పత్రం రాయిస్తాడు. కాగితం మీద కాదు, కాలేజీ వెబ్‌సైట్‌లో, ఎవరైనా తెరిచి చదువుకునేట్టు. ఆ ప్రాణి ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎట్లా పుడుతుంది, ఎట్లా చస్తుంది. ఒక్కో భాగానికి ఒక్కో ఫొటో. ఆ ఫొటో సొంతంగా తీసిందే అయ్యుండాలి.

ఇంటర్నెట్‌లో బొమ్మలు ఎత్తుకొచ్చి తమవేనని దబాయించే పిల్లల్ని చూసి విసిగిపోయి ఆయన ఒక నియమం పెట్టాడు. ప్రతి ఫొటోలోనూ ప్రాణి పక్కన తీసినవాళ్ళ చూపుడువేలు కనబడాలి. అది ఎంత పెద్దదో తెలియడానికి కొలత, దొంగ బొమ్మ కాదనడానికి సాక్ష్యం.

"వేలు లేకుంటే మార్కులు లెవ్వు. అబద్ధం చెప్పేటోడు సైన్సుకు పనికిరాడు," అనేవాడు తన వేలెత్తి. ఆ వేలి గోరు నడిమికి నిలువునా చీలి ఉండేది. చదువుకునే రోజుల్లో కప్పను కోస్తుంటే కత్తి జారి తెగింది. తర్వాత గోరు రెండు పాయలుగానే పెరిగింది.

ఆ ఏడు లోహిత్ అనే కుర్రాడు పచ్చ ఈగను ఎంచుకున్నాడు. కుళ్ళిన మాంసం మీద వాలే ఈగ అది. వాళ్ళది గోదావరి జిల్లా. అమ్మా నాన్నా ఇద్దరూ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాపురం నల్లగండ్లలో. కోడిమాంసం ముక్కను డబ్బాలో వేసి బాల్కనీలో పెడితే వాళ్ళమ్మ డబ్బాతో సహా బయట పారేసింది. కుర్రాడు ఇంకో ముక్క కొనుక్కుని, వాళ్ళ అపార్టుమెంటు వెనక పని ఆగిపోయిన టవర్ సెల్లారులో పెట్టాడు. కాలేజీ అయిపోగానే వెళ్ళి ఫొటోలు తీసుకొచ్చేవాడు.

మొదటి ముక్క సెల్లారులో పెట్టిన రెండు రోజులకే ఆ అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ సురేంద్ర ఫోను చేశాడు.

"నమస్కారమండి మాస్టారూ. మా వెనక టవర్లోంచి ఒకటే కంపండి. వెనక వైపు కిటికీలు తీయలేకపోతున్నాం. మీ స్టూడెంటు తన ప్రాజెక్టే అంటున్నాడు, నిజమేనాండి?"

"నిజమే సార్. కోడిమాంసం అది. జీవితచక్రం పూర్తయ్యేదాక జర ఓపిక పట్టండ్రి."

"ఆ టవర్ వాచ్‌మన్ రాజయ్య నాలుగు రోజులుగా కనబడటం లేదండి. వాళ్ళావిడ చంద్రమ్మ మా గేటు దగ్గర కూర్చుని ఒకటే గొడవ. తను వెతికితే ఏమీ కనబడలేదట, కంపు మాత్రం సెల్లారులోంచే వస్తోంది, పోలీసులను పిలిచి వెతికించండి అంటుంది. వాడు తాగి ఎక్కడో పడుంటాడు లెండి. అయినా పిలవమంటారా?"

"కోడిముక్కకు పోలీసులెందుకు సార్? ఫికర్ చెయ్యకండ్రి. నాది హామీ."

సురేంద్ర ఆ మాటే చంద్రమ్మకు చెప్పాడు. కాలేజీ సారే హామీ ఇచ్చాడన్నాడు. పోలీసులు రాలేదు.

పిడికెడు మాంసం ముక్క కంపు సెల్లారు దాటి పక్క అపార్టుమెంటు కిటికీల దాకా రాగలదా? జంతుశాస్త్రం చదివినవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన మాట అది. ఆయన ఆలోచించలేదు. పత్రం బాగా వస్తోందన్న సంతోషం ముక్కులు మూసేసింది. చదువు చెప్పేవాడి గర్వం కంపు కొట్టదు, అందుకే అది ఎవరికీ పట్టుబడదు.

పత్రాలు దిద్దే రోజున మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. ల్యాబులో మధుసూదన్, ఎదురుగా లోహిత్. పక్కన కంప్యూటర్ ముందు హర్షిణి. నత్త మీద రాసిన పిల్ల. అందరి పేజీలనూ వెబ్‌సైట్‌లో పేర్చే పని కూడా ఆ అమ్మాయిదే.

"సార్, జర ఇటు చూడుండ్రి," అంది హర్షిణి. "లోహిత్ పేజీల వేలు లోహిత్‌ది కాదు."

మధుసూదన్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

మొదటి ఫొటో, గుడ్లు. మాంసం మీద బియ్యపు నూకలు చల్లినట్టు తెల్లటి గుత్తులు. పక్కన వేలు. మొరటు వేలు. గోరు చుట్టూ సిమెంటు పట్టి ఉంది. కణుపు మీద ఎండిన నెత్తురు. వేలి చివర కాస్త చెదిరినట్టు వచ్చింది, వణుకుతున్న వేలిని తీసినట్టు.

"ఏంది లోహిత్ ఇది? ఎవరి ఫొటోలు ఎత్తుకొచ్చినవ్?"

"నావే సార్. ఒట్టు సార్. నా ఫోన్లో ఉన్నాయి చూడండి."

ఫోన్లో అదే మాంసం, అవే గుడ్లు. పక్కన లోహిత్ వేలు. మెత్తగా, తెల్లగా, గోరు శుభ్రంగా కత్తిరించి ఉంది. మధుసూదన్ ఆ ఫొటోను తన చేత్తోనే కంప్యూటర్లోకి ఎక్కించాడు. పేజీలోకి వచ్చింది. గుడ్లు అట్లాగే ఉన్నాయి. వేలు మారింది.

బయట హైవే మీద బస్సు హారన్ మోగింది.

ఆయన కిందికి జరిపాడు.

రెండో ఫొటో. గుడ్లలోంచి సన్నటి పురుగులు లుకలుకలాడుతూ వచ్చాయి. వేలు కదలకుండా స్పష్టంగా ఉంది. రంగు పాలిపోయింది. గోరు కింద నీలం.

మూడోది. పురుగులు లావెక్కాయి, గంజిలా జిగురు కారుస్తున్నాయి. వేలు ఉబ్బి రెండింతలైంది. చర్మం కింద ఆకుపచ్చ గీతలు.

నాలుగోది. వేలి మీద తోలు తడిసిన తొడుగులా జారిపోయింది. గోరు లేదు. గోరు ఉండాల్సిన గుంటలో ఏదో... తెల్లగా... తల లోపలికి పెట్టి తింటోంది. మాంసం మీద ఉన్న పురుగులు కావవి. వేలివి.

హర్షిణి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని సింకు దగ్గరకు పరుగెత్తింది. మధుసూదన్ కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా చచ్చిన ప్రాణుల్ని కోసి చూపించిన మనిషి. మొదటి ఫొటోకీ మిగతావాటికీ తేడా ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మొదటి ఫొటోలో ఆ వేలు బతికే ఉంది.

సింకు దగ్గర్నుంచి హర్షిణి గొంతు సన్నగా వినబడింది. "సార్... ఆ వేలు పురుగుల్ని చూపిస్తలేదు. పక్కకు చూపిస్తుంది."

నిజమే. అన్ని ఫొటోల్లోనూ ఎడమ పక్కకే. ఏదో ఉంది, అటు చూడమన్నట్టు.

లోహిత్ తెర ముందు నుంచి వెనక్కి జరిగాడు. "ముక్క పెట్టిన మరునాడు, గుడ్ల ఫొటో తీసినప్పుడు... ఏదో చప్పుడు వచ్చింది సార్. రేకు మీద కొట్టినట్టు. టక్... టక్... పావురాలనుకున్నా."

"పోయి చూడలేదా?"

"కంపు కొడుతోందని తొందరగా వచ్చేశా సార్."

"ముక్క పెట్టిన మరునాడే అంత కంపెట్ల వచ్చిందిరా?"

ఆ ప్రశ్న సురేంద్ర ఫోను చేసిననాడే తనను తాను అడుక్కోవలసిందని మధుసూదన్‌కి అప్పుడు తట్టింది.

హర్షిణిని ఇంటికి పంపేసి ఇద్దరూ ఆటోలో నల్లగండ్ల చేరేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆగిపోయిన టవర్ ముందు రేకుల గుడిసె. గుమ్మంలో చంద్రమ్మ కూర్చుని ఉంది. తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో.

లోహిత్‌ను గుర్తుపట్టింది. తర్వాత మధుసూదన్‌ను ఎగాదిగా చూసింది.

"హామీ ఇచ్చిన సారువు నువ్వేనా?"

ఆయన తల దించుకున్నాడు. "ఒకసారి లోపల చూద్దామమ్మా."

"నేను మొత్తుకున్నప్పుడు లేదు, ఇప్పుడు చూస్తవా? నడువు."

సెల్లారు మెట్లు దిగుతుంటేనే కంపు మీదికి వచ్చింది. ముక్కుతో పీల్చే వాసన కాదది. నాలుక మీద పూత పూసినట్టు, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నట్టు, తియ్యగా, జిడ్డుగా ఉంది. కింద వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెప్పుల కింద ఏవో చిట్లుతున్నాయి. మధుసూదన్ ఫోను లైటు వేసి చూశాడు. గోధుమరంగు గూళ్ళు. పచ్చ ఈగవి. నేలంతా అవే.

లోహిత్ డబ్బా ఒక స్తంభం పక్కన ఉంది. ఆయన వంగి చూశాడు. అందులో మాంసం ఏనాడో ఎండిపోయి చెప్పు తోలులా అయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన లేదు.

అంటే ఈ కంపు...

లైటు ఎడమకు తిప్పాడు. వేలు చూపించిన వైపు.

లిఫ్టు కోసం తవ్వి వదిలేసిన గొయ్యి. మీద వదులుగా వేసిన రేకు, కాలు పడితే ఒరిగి మళ్ళీ మూసుకునేట్టు. అంచు దగ్గర రేకు వంగి సందు ఉంది. ఆ సందులో ఇరుక్కుని ఏదో పైకి పొడుచుకుని ఉంది... సన్నగా... తెల్లగా... కదలకుండా. కొసన కణుపు దగ్గర ఇంకా ఇంత నల్లటి తోలు వేలాడుతోంది.

"సార్ వద్దు సార్," అని గొణిగాడు లోహిత్. "వెళ్ళిపోదాం సార్."

రేకును చంద్రమ్మ లాగింది. బుస్సుమని ఈగలు లేచి ముగ్గురి మొహాలకూ కొట్టుకున్నాయి. ఒకటి మధుసూదన్ పెదవుల మధ్య దూరింది. ఆయన ఉమ్మాడు, మళ్ళీ ఉమ్మాడు. అది ఇంకా లోపలే ఉన్నట్టు అనిపించింది.

చంద్రమ్మ అంచున కూలబడింది. గోతిలోకి తొంగి చూసింది. తర్వాత కొంగు తీసి, పైకి పొడుచుకుని ఉన్న ఆ వేలి మీద కప్పింది, చలి వేస్తుందేమో అన్నట్టు.

"ఇంత దగ్గరున్నవా రాజయ్యా," అంది. "కాలు ఇరిగిందేమో. ఎక్కలేక... రేకును కొట్టినవేమో."

లోహిత్ మెట్ల దాకా వెనక్కి పరుగెత్తాడు.

ఆమె మధుసూదన్ వైపు తిరిగింది. "సారూ, నువ్వు చదువుకున్నోనివి. పడంగనే పాణం పోయిందా? లేక కొన్నొద్దులు బతికిండా?"

మొదటి ఫొటో ఆయన కళ్ళ ముందుంది. చివర చెదిరిన వేలు. ముక్క పెట్టిన మరునాడు రాజయ్య బతికే ఉన్నాడు. అప్పటి కంపు కుళ్ళుతున్న అతని కాలి పుండుదే అయ్యుండాలి. సురేంద్ర ఫోను ఎప్పుడు వచ్చింది? రెండో ఫొటోకు ముందా, తర్వాతా? అది ఆయనకు తెలుసు. ముందే. తను హామీ ఇచ్చిననాటికి రాజయ్య ఇంకా బతికే ఉండి ఉంటాడు.

"పడంగనే పోయిండమ్మా," అన్నాడు మధుసూదన్. "ఏం బాధ పడలే."

"నిజంగనా?"

"నిజంగనే."

సైన్సుకు పనికిరాని మాట అది. మనుషులకూ పనికిరాని మాట. ఆమె మీద జాలితో చెప్పానని ఆయన తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. కానీ పోలీసులకు ఫోను చేసి, వాళ్ళు వచ్చేలోపు ఆ సెల్లారు మెట్ల మీదే నిలబడి, ఫోన్లో వెబ్‌సైట్ తెరిచి, పచ్చ ఈగ పేజీని ఫొటోలతో సహా చెరిపేశాడు. దాన్ని జాలి అనరు. కుర్రాడి ఫోన్లో ఉన్నవి కూడా తీసేయమన్నాడు. లోహిత్ కిక్కురుమనకుండా తీసేశాడు.

లోహిత్ ఆ ఏడాదే చదువు మార్చుకుని వెళ్ళిపోయాడు. చంద్రమ్మ గుడిసె తీసేసి తమ ఊరికి పోయిందని సురేంద్ర చెప్పాడు. "పోన్లెండి, ఆ కంపు మాత్రం పోయింది," అన్నాడు.

తర్వాతి ఏడు మధుసూదన్ నియమం మార్చాడు.

"ఫొటోలల్ల వేళ్ళు పెట్టకండ్రి. కొలతకు స్కేలు పెట్టండ్రి."

"ఎందుకు సార్? సీనియర్లందరూ వేలే పెట్టారు కదా?" అని అడిగింది రసజ్ఞ అనే పిల్ల.

"చెప్పింది చెయ్యి బిడ్డా."

అందరికంటే ముందు పత్రం ఎక్కించింది ఆ రసజ్ఞే. చీమల మీద. పొద్దున్నే ల్యాబులో కూర్చుని మధుసూదన్ దాన్ని తెరిచాడు. కిటికీలోంచి మంచి ఎండ వస్తోంది. కింద షోరూము ముందు ఎవరో నీళ్ళు చల్లుతున్నారు. పేజీలో ఐదు ఫొటోలు ఉన్నాయని తెలుస్తోంది. నెట్టు నెమ్మదిగా ఉండి మొదటిది ఒక్కటే తెరుచుకుంది.

చక్కెర పలుకు చుట్టూ చీమలు. పక్కన స్టీలు స్కేలు. చెప్పినట్టే చేసింది పిల్ల.

స్కేలుకు అవతల ఒక చూపుడువేలు ఉంది. చీమల వైపు కాకుండా ఎడమకు తిరిగి ఉంది. కొసన కాస్త చెదిరింది, వణుకుతున్నట్టు. గోరు నడిమికి నిలువునా చీలి, రెండు పాయలుగా ఉంది.

మధుసూదన్ తన చేతిని మెల్లగా బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. వేలు అక్కడే ఉంది. శుభ్రంగానే ఉంది. గోరు కింద మాత్రం... కొద్దిగా... నీలం.

ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి కణుపు మీద వాలింది. పచ్చగా మెరుస్తోంది. ఆయన చెయ్యి విదిలించాడు. అది లేవలేదు.

తెర మీద రెండో ఫొటో తెరుచుకోవడం మొదలైంది.